మిద్దె తోటలో థైమ్: దసరాకు నాటి వానాకాలం దాటించడం

ఆకుల్ని వంటలో సువాసనకు వాడే థైమ్, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ల గుట్టల మీద పుట్టిన మొక్క. స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ కొండవాలుల్లో సున్నపురాయి సందుల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలమంతా పొడిగా ఉంటుంది. మనకు తలకిందులు. వేడి, వాన, ఉక్కపోత అన్నీ ఒకేసారి మీద పడతాయి. మన దగ్గర థైమ్ పెంచడంలో ఉన్న చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. హైదరాబాద్‌లో మేడ మీద ఏప్రిల్ ఎండను ఓ మాదిరి నీడలో నెట్టుకొచ్చే మొక్క జులై ముసురు పట్టగానే పది రోజుల్లో పోతుంది. అందుకే మట్టి, నీళ్లు, వానాకాలం గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మిగతాది తేలిక.

ఏ మొక్క కొనాలి

మామూలు థైమ్ శాస్త్రీయ నామం థైమస్ వల్గారిస్. తులసి, పుదీనాల కుటుంబమే. ఆకు బియ్యపు గింజంత ఉంటుంది, పైన బూడిద కలిసిన ఆకుపచ్చ, అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. కాడ సన్నగా, గట్టిగా, ఏడాది తిరిగేసరికి చెక్కలా తయారవుతుంది. నలిపితే వాము వాసన వస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు, రెండింట్లోనూ ఉండేది థైమాల్ అనే పదార్థమే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడల్లో జర్మనీకి వెళ్లి, అక్కడ థైమాల్‌గా మారి మందుల్లోకి చేరేది.

నర్సరీలో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఇళ్లలో జలుబుకు వాడే మందపాటి, నూగు ఆకుల వాము మొక్కను కొందరు థైమ్ అని ఇచ్చేస్తారు. వాసన దగ్గరగానే ఉంటుంది కానీ మొక్క వేరు. ఆకు మీ బొటనవేలి గోరు కంటే పెద్దగా ఉంటే అది థైమ్ కాదు. అయితే విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో థైమ్ ఎంతకీ నిలవకపోతే ఆ వాము ఆకునే సన్నగా తరిగి వంటలో వేయండి. కరేబియన్ దీవుల్లో దాన్ని కూడా థైమ్ లెక్కనే వాడతారు.

నిమ్మ వాసన వచ్చే లెమన్ థైమ్ చేపకి, షర్బత్‌కి బాగుంటుంది. దాన్ని సంకర జాతిగా చెబుతుంటారు. గింజల నుంచి నమ్మకంగా రాదు కాబట్టి మొక్కగానే కొనాలి. నేల మీద పాకే రకాలు అందానికే తప్ప వంటకు పెద్దగా పనికిరావు. మొదటిసారి పెంచేవాళ్లు మామూలు థైమ్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

ఎప్పుడు

తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో దసరా వెళ్లాక, వానలు తెరిపిచ్చాక. అప్పటి నుంచి ఉగాది దాకా మొక్కకు స్వర్గం. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం వైపు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈశాన్య రుతుపవనాలు, తుపానులు వస్తాయి. అక్కడివాళ్లు నవంబరు చివరి దాకా ఆగాలి. అరకు, లంబసింగి లాంటి చల్లటి చోట్ల వేసవి బాధ ఉండదు, వాన బాధ మాత్రం తప్పదు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్లకు ఈ గొడవే లేదు. చాలా చోట్ల పెరట్లో నేలలోనే నాటితే మంచు కింద కూడా బతికి వసంతంలో చిగురిస్తుంది. వాళ్లు వసంతంలో, గడ్డకట్టే చలి వెళ్లాక నాటుకుంటే చాలు. కింద చెప్పిన కత్తిరింపు, వంట భాగాలు వాళ్లకూ పనికొస్తాయి.

1. కుండీ, మట్టి

8 నుంచి 10 అంగుళాల మట్టి కుండీ తీసుకోండి. ప్లాస్టిక్ కుండీలో చెమ్మ పక్కల నుంచి బయటికి పోదు, మట్టి కుండీ ఆ పని తనంతట తానే చేస్తుంది. అడుగున కనీసం మూడు రంధ్రాలు ఉండాలి. ఒకటే ఉంటే డ్రిల్లుతో ఇంకో రెండు వేయించండి. రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి పెడితే మట్టి జారిపోకుండా ఉంటుంది. కుండీ కింద నీళ్లు నిలిచే ప్లేటు వద్దు. నేల మురికవుతుందని ఇంట్లో గొడవైతే కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి, ప్లేటు వాటి మధ్య కింద పెట్టండి.

మట్టి కలపడం ఇలా:

- ఎర్రమట్టి 2 పాళ్లు
- గరుకు ఇసుక 2 పాళ్లు (కాంక్రీటుకు వాడే రకం, ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక కాదు)
- బాగా మాగిన వర్మీకంపోస్ట్ 1 పాలు

నల్లరేగడి అసలు వద్దు. మిద్దె తోటల వాళ్లందరూ అలవాటుగా వాడే సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగం కంపోస్ట్ మిశ్రమం కూడా థైమ్‌కు పడదు, అది రోజుల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. మేడ మీద బరువు సమస్య అయితే ఇసుకలో సగం బదులు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) వేయండి. కలిపిన మట్టిని పిడికిట్లో తీసుకుని తడిపి గట్టిగా నొక్కి చూడండి. చెయ్యి తెరవగానే విరిగి రాలితే సరిపోయినట్టు. ముద్దలా నిలబడితే ఇంకాస్త ఇసుక కలపాలి.

థైమ్ కాస్త క్షారం ఉన్న మట్టినీ తట్టుకుంటుంది. పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 నుంచి 8 మధ్య ఎంతున్నా ఇబ్బంది లేదు. కాబట్టి ఉప్పదనం తక్కువగా ఉంటే బోరు నీళ్లు గట్టిగా ఉన్నాయని టెన్షన్ పడక్కర్లేదు.

2. నర్సరీ మొక్కను మార్చి నాటడం

మొదటిసారికి గింజల కంటే మొక్క కొనడమే నయం. కాడలన్నీ మొదలు దాకా ఆకులతో ఉన్నదాన్ని, మధ్యలో గోధుమ రంగు ఆకులు లేనిదాన్ని ఏరుకోండి. కవరు కింద నుంచి తెల్లటి వేళ్లు కనిపిస్తే మంచిదే.

ఇంటికి తెచ్చాక నాలుగైదు రోజులు వెలుతురున్న నీడలో ఉంచండి. నాటేటప్పుడు కవరు చింపి వేళ్ల ముద్దను పరిశీలించండి. నర్సరీ మొక్కలు తరచుగా ఒట్టి కోకోపీట్‌లో పెరిగి ఉంటాయి. ఆ ముద్దను అలాగే ఇసుక మట్టిలో పెడితే చిక్కొస్తుంది. చుట్టూ మట్టి ఆరిపోయినా మధ్యలో కోకోపీట్ తడిగానే ఉండి వేరు కుళ్లుతుంది. ఒకసారి పూర్తిగా ఎండిపోయిందంటే మళ్లీ నీళ్లు పీల్చుకోదు, మీరు పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. అందుకని ముద్దను వేళ్లతో మెల్లగా వదులు చేసి, ఊడొచ్చినంత పీట్‌ను దులిపేయండి. వేళ్లు తెగేలా పీకొద్దు, సగం పోయినా చాలు.

కవర్లో ఎంత లోతున ఉందో అంతే లోతులో నాటండి. చుట్టూ పైపొరగా అంగుళం మందాన చిన్న గులకరాళ్లు పరవండి. ఇది అలంకారం కాదు. కింది ఆకులు తడి మట్టికి తగలకుండా, నీళ్లు పోసినప్పుడు మట్టి చిందకుండా ఆపుతాయి. నాటిన రోజు అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, వారం తర్వాత పూర్తి ఎండలోకి మార్చండి.

ఎండ రోజుకు ఆరు గంటలు తగలాలి. తూర్పు బాల్కనీలో నాలుగైదు గంటలొచ్చినా చలికాలంలో సరిపోతుంది. ఉత్తరం వైపు బాల్కనీ ఒక్కటే ఉన్న ఫ్లాట్ అయితే ఈ మొక్కకు ఆశ పెట్టుకోవద్దు. కాడలు సన్నగా సాగి, ఆకుల్లో వాసన లేకుండా తయారవుతుంది. ఒకే కుండీలో పుదీనా, తులసిలతో కలిపి నాటకండి. వాటికి కావలసిన నీళ్లు దీనికి విషం. రోజ్‌మేరీ, ఒరెగానో పక్కనైతే హాయిగా ఉంటుంది.

3. గింజలతో పెంచాలనుకుంటే

గింజ ఆవగింజ కంటే చాలా చిన్నది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. చిటికెడు గింజల్ని రెండు చెంచాల సన్న ఇసుకతో కలిపి, తడిపిన నారు ట్రే మీద చల్లండి. పైన మట్టి కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. అరచేత్తో మెల్లగా అద్ది, స్ప్రే సీసాతో మాత్రమే తడపండి. పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. 15 నుంచి 21 డిగ్రీల వేడి దీనికి బాగా నప్పుతుంది కాబట్టి నవంబరు, డిసెంబరు నెలలు అనువైనవి.

మొలకలు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది పది రోజులకే గింజలు పాడైపోయాయని ట్రే దులిపేస్తారు, అది తొందరపాటు. మొలకలు కనబడగానే కవరు తీసేయాలి, లేకపోతే నారుకుళ్లు వస్తుంది. ఆ తర్వాత కూడా ఎదుగుదల నత్తనడకే. రెండు అంగుళాలు పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు మూడు నాలుగు మొలకల్ని గుత్తిగా ఒకే కుండీలోకి మార్చండి. కుండీలో మొక్క నిలదొక్కుకుని గుబురయ్యాకే మొదటి కోత.

4. నీళ్లు

రోజూ ఉదయం అన్ని కుండీలతో పాటు దీనికీ ఒక మగ్గు పోయడం ఇక్కడ కుదరదు. రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే పోయాలి. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయాలి. చిలకరింపులు పైమట్టినే తడుపుతాయి, వేళ్లు పైకే వస్తాయి. నీళ్లు మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు. చలికాలంలో ఇది వారానికి ఒకటి రెండు సార్లకు మించదు. ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు అవసరం కావచ్చు. కొన్నాళ్లకు కుండీ ఎత్తి బరువును బట్టే చెప్పేయగలుగుతారు.

మొక్క వాడిపోతే వెంటనే నీళ్ల మగ్గు అందుకోవద్దు. ముందు దగ్గరగా చూడండి. నీళ్లు తక్కువై వాడితే కుండీ తేలిగ్గా ఉంటుంది, కొసలు తలవాలుస్తాయి, ఆకులు పెళుసుగా అయినా బూడిద పచ్చగానే ఉంటాయి. నీళ్లు ఎక్కువై వాడితే కుండీ బరువుగా ఉంటుంది, గుబురు మధ్యలో నుంచి ఆకులు నల్లబడతాయి, కాడ మట్టిని తాకే చోట ముదురు రంగుకు తిరిగి గోటితో గీస్తే మెత్తగా ఊడొస్తుంది. కుండీ రంధ్రం దగ్గర ముక్కు పెడితే మురుగు వాసన తెలుస్తుంది. మొదటిదానికి నీళ్లు పోస్తే సాయంత్రానికి లేస్తుంది. రెండోదానికి పోస్తే అదే ఆఖరు. అలాంటప్పుడు పచ్చగా ఉన్న కొసలన్నీ కత్తిరించి, వేళ్లు పట్టేలా కటింగ్స్‌గా (7వ భాగం చూడండి) పెట్టేయండి. తల్లి మొక్క మీద ఆశ వదులుకోవడమే మంచిది.

ఎరువు సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. అక్టోబరులో ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్, ఫిబ్రవరిలో ఇంకో గుప్పెడు. అంతకు మించి వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, ఘాటు తగ్గిపోతుంది. జీవామృతం, పంచగవ్య అంటూ వారం వారం పోసే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క కుండీని వదిలేయాలి.

5. కత్తిరింపు, కోత

థైమ్‌లో కోత, కత్తిరింపు వేర్వేరు పనులు కావు. వాడుకోవడం కోసం కోస్తూ ఉంటేనే మొక్క గుబురుగా ఉంటుంది. కోయకుండా వదిలేస్తే కింద కాడలు చెక్కబారి బోసిగా, పైన చిన్న కుచ్చులతో మిగులుతుంది.

ఎప్పుడూ పై మూడో వంతే కోయండి. కోసిన చోటు కింద తప్పకుండా పచ్చటి ఆకులు ఉండాలి. ఆకుల్లేని చెక్క భాగం దాకా కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురు రావడం కష్టం. కరివేపాకును మొదలంటా నరికినా మళ్లీ లేస్తుంది కదా అని ఇక్కడా అదే చేస్తే మొక్క దక్కదు. ఉదయం మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు కోస్తే వాసన బాగుంటుంది. పూమొగ్గలు కనబడే ముందు ఆకులో ఘాటు ఎక్కువ. ఆరబెట్టి దాచుకోవాలంటే పెద్ద కోత అప్పుడే. పూలు వస్తే కొన్ని ఉంచండి. వంటలో వేసుకోవచ్చు, తేనెటీగలకూ ఇష్టం.

పొడి వేడిలో ఎర్రనల్లి పడుతుంది. ఆకుల మీద సన్నటి చుక్కలు, కాడల మధ్య బూజు లాంటి సాలె కనిపిస్తాయి. వేపనూనె పనిచేస్తుంది కానీ ఆ చేదు ఇంత చిన్న ఆకుల నుంచి కడిగినా ఒక పట్టాన పోదు. దానికంటే కుండీని వంచి పట్టుకుని, ఉదయాన్నే పైపు ధారతో ఆకుల అడుగు భాగం కడగడం మేలు. మూడు రోజులకోసారి, రెండు వారాలు చేయండి. పిండినల్లి అయితే ఆ కొమ్మ కోసి పారేయడమే.

6. వేసవి, తర్వాత వానలు

ఏప్రిల్ రాగానే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కిందికి గానీ, ఉదయం ఎండ మాత్రమే తగిలే గోడ పక్కకు గానీ మార్చండి. మేడ మీద కాంక్రీటు వేడికి కుండీ గోడలు కాలి వేళ్లు ఉడికిపోతాయి. ఇటుకల మీద ఎత్తి పెట్టడం, రెండు కుండీలను దగ్గరగా జరపడం పనికొస్తాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మొక్క ఎదుగుదల ఆపేస్తుంది. అది సహజం. అప్పుడు కోయొద్దు, ఎరువు వేయొద్దు.

మృగశిర కార్తెలో తొలకరి పడకముందే మూడు పనులు చేయాలి. గుబురు లోపల ఎండిన కాడలు తీసేసి గాలి ఆడేలా పల్చన చేయండి. కింద రాలిన ఆకులు ఏరేయండి. కుండీని వాన నేరుగా పడని, కానీ వెలుతురు దండిగా ఉన్న చోటికి తీసుకెళ్లండి. సన్‌షేడ్ కింద, బాల్కనీ అంచున, లేదా మేడ మీద నాలుగు కర్రలకు కట్టిన పారదర్శక షీటు కింద. పక్కలు మూసేయొద్దు, గాలి ముఖ్యం. ముసురు పట్టినప్పుడు మట్టి అస్సలు ఆరదు. మూడు వారాలు చుక్క నీరు పోయకపోయినా ఫరవాలేదు.

ఇంత చేసినా కోస్తా తేమలో కొన్ని మొక్కలు పోతాయి. అందుకే నా సలహా, ఫిబ్రవరిలోనే రెండు మూడు పిల్ల మొక్కలు చేసి వేర్వేరు చోట్ల పెట్టుకోండి. ఒకటి నిలిచినా వచ్చే దసరాకు మళ్లీ కొననక్కర్లేదు.

7. కొత్త మొక్కలు చేసుకోవడం

అన్నిటికంటే సులువు నేల అంటు. పక్కకు వాలిన ఒక కొమ్మను వంచి, మధ్యలో రెండు అంగుళాల మేర ఆకులు తీసేసి, పక్కన పెట్టిన చిన్న కుండీ మట్టిలో పూడ్చి, హెయిర్‌పిన్‌తో గుచ్చి పట్టించండి. కొస బయటికి ఉండాలి. నెల, నెలన్నరలో వేళ్లు వస్తాయి. మెల్లగా లాగితే కదలకుండా ఉంటే తల్లి నుంచి కోసేయండి.

కటింగ్స్ అయితే పూత లేని లేత కొమ్మలు మూడు నాలుగు అంగుళాలవి తీసుకుని, కింది సగం ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచండి. రెండు నుంచి నాలుగు వారాల్లో వేరు పడతాయి. ఎన్ని గుచ్చితే అన్నీ రావు, కాబట్టి పది గుచ్చండి. ఎంత బాగా చూసినా మూడు నాలుగేళ్లకు మొక్క చెక్కబారిపోతుంది. అప్పుడు పాతది తీసి కొత్తది పెట్టుకోవాలి.

8. ఆరబెట్టడం

ఆరబెడితే కొత్తిమీర వాసన చాలా వరకు పోతుంది. థైమ్ నిలుపుకుంటుంది. కొమ్మల్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి, నీడలో, ఫ్యాన్ గాలి తగిలేలా తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెడితే నూనెలు ఆవిరైపోతాయి. జనవరి, ఫిబ్రవరి పొడి గాలికి వారంలో గలగలలాడుతుంది. కాగితం మీద దూసి, కాడలు ఏరేసి, పొడి చేయకుండా ఆకులుగానే గాజు సీసాలో దాచండి. పొయ్యి పక్కన కాకుండా చీకటి అల్మరాలో పెడితే ఏడాది వాడుకోవచ్చు. ఎండు థైమ్ ఒక చెంచా, పచ్చిది మూడు చెంచాలకు సమానం.

వంటలో

కొత్తిమీర దించే ముందు చల్లుతాం. థైమ్ మొదట్లోనే వేయాలి. దాని నూనెలు నూనెలో, నెయ్యిలో, పాలలో నెమ్మదిగా దిగుతాయి. ఆకు దూయడానికి కొమ్మ కొస ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లతో పై నుంచి మొదలు వైపుకు లాగండి, ఆకులన్నీ రాలిపోతాయి. కొస దగ్గర లేత భాగం తెగితే తెగనివ్వండి, అది కాడతో సహా తినొచ్చు. ఉడికే వంటల్లో కొమ్మ అలాగే వేసి చివర్లో తీసేస్తే ఇంకా సులువు.

మన వంటల్లో పుట్టగొడుగులు, ఆలుగడ్డ, టమాటా, చికెన్‌తో బాగా కలుస్తుంది. ఉడికించిన చిన్న ఆలుగడ్డలు అరకిలో తీసుకుని, నూనెలో నాలుగు దంచిన వెల్లుల్లి రెబ్బలు, ఐదారు కొమ్మల థైమ్ వేసి చిటపటలాడగానే ఆలుగడ్డలు దొర్లించి, మిరియాల పొడి, ఉప్పు చల్లి ఎర్రగా వేయించండి. ఇంగువ, ధనియాల పొడి, గరం మసాలా పడే కూరలో మాత్రం వేయకండి, వేసినా తెలియదు.

నాకు ఎక్కువ నచ్చేది జమైకా వాళ్ల రాజ్మా అన్నం. మన కొబ్బరిపాల అన్నానికి దగ్గరి చుట్టం. రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి, పచ్చిగా ఉంటే కడుపు పాడవుతుంది. ఉడికిన గింజలు ఒక గ్లాసు, చిక్కటి కొబ్బరిపాలు ఒక గ్లాసు, రాజ్మా ఉడికిన నీళ్లు మూడు గ్లాసులు గిన్నెలో పోసి, నాలుగు కొమ్మల థైమ్, చితక్కొట్టిన వెల్లుల్లి మూడు రెబ్బలు, రెండు ఉల్లికాడలు, ఉప్పు వేసి మరిగించండి. రెండు గ్లాసుల బియ్యం కడిగి వేసి, పైన ఒక పచ్చిమిరపకాయను చీల్చకుండా పెట్టి మూత పెట్టండి. వాళ్లు స్కాచ్ బానెట్ అనే ఘాటు మిరపకాయ వాడతారు. దాని కారం కాకుండా వాసనే అన్నానికి పట్టాలని చీల్చరు. చిన్న మంట మీద నీళ్లు ఇగిరాక మిరపకాయ, థైమ్ కాడలు తీసేసి కలపండి. పక్కన చికెన్ వేపుడు ఉంటే ఇంకేం అక్కర్లేదు.

దగ్గుకు థైమ్ టీ తాగొచ్చు. రెండు కొమ్మలు మరిగిన నీళ్లలో వేసి పది నిమిషాలు మూత పెట్టి, వడకట్టి తేనె కలుపుకోవాలి. జర్మనీలో దగ్గు మందుల్లో థైమ్ సారం ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. గర్భిణులు వంటలో వేసిన మేర తినొచ్చు కానీ ఔషధంలా మోతాదు పెంచి తాగకూడదు. సీసాల్లో అమ్మే థైమ్ సుగంధ తైలాన్ని ఎవరూ నోట్లోకి తీసుకోవద్దు, ఒంటికి నేరుగా రాయొద్దు, మంట పుడుతుంది.

చివరిగా, వెల్లుల్లి, పచ్చి థైమ్ నూనెలో వేసి అందంగా సీసాలో పట్టి కిటికీలో పెట్టే వీడియోలు చాలా ఉన్నాయి. గాలి తగలని నూనెలో, గది వేడిలో బొటులినం అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగొచ్చు. అలాంటి నూనె చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. ఎక్కువ కాలం కావాలంటే ఐస్ ట్రేలో కరిగించిన వెన్నతో థైమ్ ఆకులు పోసి ఫ్రీజర్లో గడ్డకట్టించండి. వేపుడుకి ఒక గడ్డ తీసి మూకుట్లో వేసుకుంటే సరిపోతుంది.